ఇంగ్లీష్‌లో పని మాటలు వస్తాయి, మనసులో మాట మాత్రం రాదు

సగంమాట:

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లుగా ఉద్యోగంలో ఇంగ్లీషే మాట్లాడుతున్నాను. మీటింగుల్లో భయం లేదు, మెయిల్ రాయడానికి ఇబ్బంది లేదు, లెక్కల్లో ఎక్కడైనా తేడా వస్తే అది ఎందుకొచ్చిందో అరగంట సేపు వివరించగలను. కానీ అవతలి మనిషి మనసు విప్పి ఒక మాట చెప్పారంటే, లేదా నా మనసులో ఉన్నదే నేను చెప్పాల్సి వచ్చిందంటే, ఎవరో నోరు కట్టేసినట్టు అయిపోతుంది.

పోయిన వారం జరిగింది చెబుతాను. మా టీమ్‌లో ఒకావిడ వేరే దేశం నుంచి పనిచేస్తారు, రోజూ కాల్‌లో మాట్లాడుకుంటాం. ఆ రోజు మిగతావాళ్లు ఇంకా రాలేదు, మేమిద్దరమే ఉన్నాం. మామూలుగా "హౌ ఆర్ యూ" అన్నాను. ఆవిడ కాస్త ఆగి, "నాట్ గ్రేట్, యాక్చువల్లీ. మై మమ్ ఈజ్ ఇన్ హాస్పిటల్" అన్నారు. నేను "ఓ... ఓకే. టేక్ కేర్" అన్నాను. తర్వాత రెండు మూడు సెకన్లు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఏం చేయాలో తెలియక స్క్రీన్ షేర్ చేసి షీట్ తెరిచేశాను. ఆవిడ గొంతు సవరించుకుని పనిలోకి వచ్చేశారు.

అదే మాట నాకెవరైనా తెలుగులో చెప్పి ఉంటే "అయ్యో, ఏమైందండీ? ఇప్పుడెలా ఉన్నారు? దగ్గర ఎవరున్నారు?" అని ఆలోచించకుండానే అడిగేసేవాణ్ని. నాకు జాలి లేక కాదు, ఆ రోజంతా ఆవిడ గొంతే గుర్తొచ్చింది. ఆవిడ మాత్రం నన్ను పట్టింపు లేని మనిషిని అనుకుని ఉంటారు, అనుకుంటే తప్పు లేదు కూడా.

నా సంగతి చెప్పాల్సి వచ్చినా ఇదే తంతు. సంతోషమైతే "వెరీ హ్యాపీ", ఇంకా సంతోషమైతే "వెరీ వెరీ హ్యాపీ". గడువు దగ్గరపడితే "ఐయామ్ ఇన్ టెన్షన్". విసుగు, బెంగ, చిన్నబుచ్చుకోవడం, గిల్టీగా ఉండటం, ఇవన్నీ తెలుగులో రోజూ చెప్పుకునేవే, ఇంగ్లీష్‌కొచ్చేసరికి హ్యాపీ, శాడ్, యాంగ్రీ అనే మూడు డబ్బాల్లో ఏదో ఒకదాంట్లో పడేస్తున్నాను. ఇంటర్నెట్‌లో వెతికితే రెండు వందల పదాల పట్టికలు దొరికాయి, ఎక్స్‌టాటిక్, మెలాంకలీ, డెస్పాండెంట్ అని. వాటిని బట్టీ పట్టాను కానీ రోజువారీ మాటల్లో అలా మాట్లాడేవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు.

ఇది పదాలు లేకపోవడమా, ఇంకేదైనానా? ఈ దశ దాటినవాళ్లు ఉంటే మీకు ఏది పనికొచ్చిందో చెప్పండి. గ్రామర్ పుస్తకాల పేర్లు వద్దు, మీరు నిజంగా అనే మాటలు కావాలి.

రాత్రిషిఫ్ట్:

ముందు ఆవిడ సంగతి చూడండి, మిగతాది తర్వాత. వారమే అయింది కదా, ఏమీ మించిపోలేదు. ఈరోజే ఒక చిన్న మెసేజ్ పెట్టండి. "ఐ హావ్ బీన్ థింకింగ్ అబౌట్ యువర్ మమ్. హౌ ఈజ్ షీ డూయింగ్ నౌ?" అంతే. ఆరోజు సరిగ్గా మాట్లాడలేకపోయాను, దానికి కారణం ఇదీ అని పెద్ద సంజాయిషీ రాయకండి, అప్పుడు ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

నేను పదకొండేళ్లు ఫోన్ మీద కస్టమర్లతో ఇంగ్లీష్ మాట్లాడే పని చేశాను. బిల్లు గురించి అడగడానికి ఫోన్ చేసినవాళ్లు మధ్యలో "నా భర్త పోయినెల చనిపోయారు, ఈ అకౌంట్ ఆయన పేరు మీద ఉంది" అనేవాళ్లు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేనూ "ఓకే మేడమ్" అన్నాను. ఆ "ఓకే" అన్నాక అవతల నిశ్శబ్దం ఎలా ఉంటుందో మీకు ఇప్పుడు తెలుసు కాబట్టి వివరించక్కర్లేదు.

అప్పుడు నన్ను ఆపింది "సారీ" అనే మాట. సారీ అంటే క్షమించమనడం అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం, అందుకని ఎవరో చనిపోతే నేను సారీ చెప్పడమేంటి, నేనేం తప్పు చేశాను అనిపించేది. నిజానికి ఆ మాట పుట్టిందే నొప్పిలోంచి. పుండు సలుపుతోంది అనడానికి వాడే "సోర్", ఈ "సారీ" ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. "ఐయామ్ సో సారీ టు హియర్ దట్" అంటే "వింటుంటే నాకే బాధగా ఉంది" అని అర్థం, మన "అయ్యో" ఉండే చోటు అదే. మరణవార్త అయితే "ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్". ఇది అరిగిపోయిన మాటే, అయినా బాధలో ఉన్న మనిషికి కొత్త మాట అక్కర్లేదు, ఎవరో ఒకరు ఆగి విన్నారని తెలిస్తే చాలు.

ఆ తర్వాత మన "ఎంత కష్టపడుతున్నారో" ఉంది చూశారా, దానికి "దట్ మస్ట్ బి సో హార్డ్" సరిగ్గా అతుకుతుంది. మస్ట్ అంటే "తప్పకుండా చేయాలి" అని మాత్రమే మనకు తెలుసు, ఇక్కడ అది ఊహ. అవతలివాళ్ల స్థానంలో నిలబడి ఊహించడం. సంతోషానికి కూడా ఇదే పనికొస్తుంది, ఎవరి పిల్లలో పరీక్ష పాసయ్యారని చెబితే "యూ మస్ట్ బి సో ప్రౌడ్". ఆ సందర్భంలో "ఐయామ్ హ్యాపీ" అని ఆపేయకండి, "ఐయామ్ సో హ్యాపీ ఫర్ యూ" అనండి. ఆ చివరి రెండు ముక్కలు లేకపోతే మీ సంతోషం గురించి మీరు చెప్పుకున్నట్టు ఉంటుంది.

తర్వాత ఒక ప్రశ్న. ఒక్కటే. "హౌ ఈజ్ షీ నౌ?" కానీ, "డూ యూ హావ్ సమ్‌వన్ విత్ యూ?" కానీ. మీరు తెలుగులో అడిగేవాణ్ని అన్న మూడు ప్రశ్నలూ ఇంగ్లీష్‌లో చక్కగా ఉంటాయి, వాటికి కష్టమైన పదం ఒక్కటీ అక్కర్లేదు, అది గమనించారా?

ఇంకో సంగతి, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మనం ప్రేమగా "ఏం కాదులెండి, అంతా మంచే జరుగుతుంది" అంటాం. దాన్నే "డోంట్ వర్రీ, ఎవ్రీథింగ్ విల్ బి ఫైన్" అని మార్చి ముందే అనేస్తే, చాలామందికి అది "ఇక ఆపండి" అన్నట్టు వినిపిస్తుంది. ఒకావిడ నాతో నేరుగానే అంది, "యూ డోంట్ నో దట్" అని. అప్పటి నుంచి ధైర్యం చెప్పే మాట చివర్లో చెబుతాను, అదీ "ఐ హోప్ షీ గెట్స్ బెటర్ సూన్" అని ఆశగా.

బ్లాక్‌బోర్డ్:

స్పోకెన్ ఇంగ్లీష్ పాఠాలు చెబుతాను, ఈ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయాను. పదాలు లేకపోవడమా ఇంకేదైనానా అని అడిగారు. ఇంకేదో ఉంది, అది వాక్యం కట్టడంలో ఉంది.

తెలుగులో భావం బయటి నుంచి మన దగ్గరికి వస్తుంది. కోపం వస్తుంది, భయం వేస్తుంది, బాధ కలుగుతుంది, విసుగు పుడుతుంది, సిగ్గేస్తుంది, జాలేస్తుంది. చేసేది భావం, మనం "నాకు" అని పక్కన నిలబడతాం. ఇంగ్లీష్‌లో ఆ "నాకు" లేదు. "ఐ" అని ముందు మనిషి వస్తాడు, ఆ మనిషి ఎలా ఉన్నాడో చెప్పే మాట తర్వాత వస్తుంది. ఐయామ్ యాంగ్రీ, ఐయామ్ స్కేర్డ్. మనం "నాకు టెన్షన్‌గా ఉంది" లోని "టెన్షన్"ని అలాగే పట్టుకెళ్లి "ఐయామ్ టెన్షన్" అంటాం, అంటే "నేనే ఒక టెన్షన్‌ని" అన్నట్టు. మీరు "ఇన్ టెన్షన్" అన్నారు కాబట్టి గ్రామర్ పరంగా పెద్ద తప్పేం లేదు, కానీ ఇంగ్లీష్ వాళ్లు రోజూ అనేది "ఐయామ్ స్ట్రెస్డ్". ఇంటర్వ్యూ ముందో స్టేజ్ ఎక్కే ముందో అయితే "ఐయామ్ నర్వస్". జరగబోయే మంచి దాని కోసం గుండె కొట్టుకుంటుంటే "ఐయామ్ ఎక్సైటెడ్". ఈ మూడింటికీ మన దగ్గర ఇప్పుడు టెన్షన్ అనే ఒక్క మాటే తిరుగుతోంది, ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

దీని పక్కనే ఇంకో గుంట ఉంది. మొన్న మా క్లాసులో ఒక అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి ఆదివారం ఎలా గడిచిందో చెబుతూ "ఐ వజ్ ఎలోన్ ఎట్ హోమ్, సో ఐ వజ్ వెరీ బోరింగ్" అంది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే క్లాసులో చాలామంది అలాగే అంటారు. బోర్డు మీద రెండు బొమ్మలు గీశాను. ఒక బొమ్మ మాట్లాడుతోంది, ఇంకో బొమ్మ ఆవలిస్తోంది. మాట్లాడే బొమ్మ కింద "బోరింగ్", ఆవలించే బొమ్మ కింద "బోర్డ్" అని రాశాను. "ఆదివారం నువ్వు ఏ బొమ్మవి?" అని అడిగాను. ఆ అమ్మాయి కాసేపు చూసి ఆవలించే బొమ్మ మీద వేలు పెట్టి "బోర్డ్" అంది. అంతే, మళ్లీ ఆ తప్పు చేయలేదు. భావం కలిగించేది "ఇంగ్", భావం కలిగిన మనిషి "డ్". ఇరిటేటింగ్ అంటే విసిగించేవాడు, ఇరిటేటెడ్ అంటే విసిగిపోయినవాడు. కన్ఫ్యూజింగ్, కన్ఫ్యూజ్డ్. టైరింగ్, టైర్డ్. "ఐయామ్ ఇరిటేటింగ్" అని మీ మేనేజర్‌తో అంటే "నేను విసిగించే మనిషిని" అని మీరే ఒప్పుకున్నట్టు.

"ఫీల్" గురించి కూడా చెప్పాలి. మనం "వాడు ఫీలయ్యాడు" అంటే నొచ్చుకున్నాడని అర్థం. దాన్ని ఇంగ్లీష్‌లోకి "హి ఫెల్ట్" అని తీసుకెళితే అవతలివాళ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటారు, ఏం ఫీలయ్యాడు అని. "హి ఫెల్ట్ హర్ట్", "హి ఫెల్ట్ లెఫ్ట్ అవుట్", ఇలా పక్కన ఒక మాట ఉండాలి. "డోంట్ ఫీల్" అని మనం ఓదార్చే మాట కూడా అంతే. "భావాలే వద్దు" అన్నట్టు ఉంటుంది. "డోంట్ ఫీల్ బ్యాడ్" అనండి, లేదా "డోంట్ టేక్ ఇట్ టు హార్ట్" అనండి.

ఇక మీ మూడు డబ్బాల సంగతి. డబ్బాలు పెంచడానికి రెండు వందల పదాలు అక్కర్లేదు, తెలుగులో మీరు ఇప్పటికే వాడే మాటలను ఒక్కొక్కటి విప్పండి. సిగ్గు తీసుకోండి. కొత్తవాళ్ల ముందు మాట రాకపోతే సిగ్గే, అది షై. నలుగురిలో కాలు జారి పడితే సిగ్గే, అది ఎంబరాస్డ్. అబద్ధం చెప్పి దొరికిపోతే, లోపల కుంగిపోతే అదీ సిగ్గే, అది అషేమ్డ్. మూడోదాన్ని మొదటి దానికి వాడితే ఎదుటివాళ్లు కంగారు పడతారు, ఇంత చిన్నదానికి ఇంత మాటా అని. బెంగ కూడా అంతే. మనిషి మీద బెంగ అయితే "ఐ మిస్ హర్". ఊరి మీద, ఇంటి మీద బెంగ అయితే "ఐయామ్ హోమ్‌సిక్". ఏం జరుగుతుందో అన్న బెంగ అయితే "ఐయామ్ వర్రీడ్".

కొన్ని మాటలకు అసలు జోడీ దొరకదు, దొరకలేదని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. మొహమాటానికి ఒక్క మాట లేదు, జరిగింది చెప్పాలి: "ఐ వాంటెడ్ టు సే నో, బట్ ఐ ఫెల్ట్ ఆక్వర్డ్". అలకకు "సల్కింగ్" అని నిఘంటువులో ఉంటుంది కానీ అందులో తప్పుపట్టడమే ఉంది, మన అలకలో ఉన్న చనువు లేదు. మనల్ని బతిమాలతారన్న నమ్మకం ఉన్నచోటే కదా అలుగుతాం. నేనైతే ఆ మాట వదిలేసి "షీ ఈజ్ అప్‌సెట్ విత్ మీ అండ్ షీ వాంట్స్ మీ టు కమ్ అండ్ టాక్ టు హర్" అంటాను. పొడుగే, కానీ అందులో అలక ఉంది.

సగంమాట:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. మెసేజ్ రాసి పెట్టుకున్నాను, సాయంత్రం ఆవిడ పనివేళలు మొదలయ్యాక పంపుతాను. "సారీ" గురించి చెప్పింది చదివాక ఆ రోజు నేనెక్కడ ఆగిపోయానో అర్థమైంది, సరిగ్గా అక్కడే.

ఇంకొకటి అడగాలి, ఇది కోపం గురించి. నేను రెండు వారాలు కూర్చుని చేసిన రిపోర్టును మా టీమ్‌లోనే ఇంకొకతను పెద్దవాళ్ల మీటింగ్‌లో తనే చేసినట్టు చూపించాడు. నా పేరు ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అతనితో మాట్లాడబోతే నోటికి వచ్చినవి రెండే, "ఐయామ్ వెరీ యాంగ్రీ విత్ యూ", లేకపోతే "నో ప్రాబ్లమ్". మొదటిది అంటే గొడవవుతుందని రెండోది అనేసి వచ్చాను. ఈ రెంటికీ మధ్యలో ఏముంటుంది?

తూకంరాళ్లు:

మధ్యలోనే అంతా ఉంటుందండీ, ఆఫీసులో మనుషులు మాట్లాడుకునే కోపమంతా ఆ మధ్యలోనే ఉంటుంది.

కోపం మాటలకు బరువు ఉంటుంది. "ఫ్యూరియస్" అన్నిటికంటే బరువు. "యాంగ్రీ" కూడా మనం అనుకునేదాని కంటే బరువే, ఉద్యోగంలో ముఖం మీద "ఐయామ్ యాంగ్రీ విత్ యూ" అని ఎవరూ ఊరికే అనరు, అన్నారంటే విషయం ముదిరిందని లెక్క. "అనాయ్డ్" తేలిక, చిరాకు స్థాయి. "అప్‌సెట్" అనేది నాకు చాలా ఇష్టమైన మాట, ఎందుకంటే అందులో బాధా ఉంది, కోపమూ ఉంది, ఏది ఎంతో చెప్పాల్సిన అవసరం లేదు. మన "మనసు కష్టపెట్టుకోవడం"కి దగ్గరగా ఉంటుంది. మీకు ఒళ్లు మండింది నిజమే, కానీ దాని వెనక నొచ్చుకోవడం కూడా ఉందని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. అందుకని మీకు అప్‌సెట్ సరిపోతుంది.

"ఫ్రస్ట్రేటెడ్"ని మనవాళ్లు కోపానికి వాడేస్తారు, ఫ్రస్ట్రేషన్‌లో తిట్టాను అంటూ. ఇంగ్లీష్‌లో దానికి ఒక అడ్డంకి ఉండాలి. చేయాలనుకున్నది చేయనివ్వకుండా ఏదో అడ్డుపడుతుంటే అది ఫ్రస్ట్రేషన్. మూడుసార్లు మెయిల్ పెట్టినా జవాబు రాకపోతే ఫ్రస్ట్రేటెడ్. "డిసప్పాయింటెడ్" విషయంలో జాగ్రత్త. "డిసప్పాయింటెడ్ విత్ ద రిజల్ట్" అంటే ఫలితం బాగోలేదని, పర్వాలేదు. "డిసప్పాయింటెడ్ ఇన్ యూ" అంటే నీ మీద పెట్టుకున్న నమ్మకం పోయిందని, తిట్టు కంటే గట్టిగా తగులుతుంది. అలాగే "మాడ్" అనే మాట, అమెరికాలో అది కోపం, బ్రిటన్‌లో ఎక్కువగా పిచ్చి అనే అర్థంలో వాడతారు, కాబట్టి ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి.

మీరు అతనితో అనాల్సింది నా మటుకు ఇలా ఉంటుంది: "ఐ వజ్ ఎ బిట్ అప్‌సెట్ వెన్ మై నేమ్ వజ్‌న్ట్ మెన్షన్డ్ ఇన్ ద మీటింగ్. ఐ స్పెంట్ టూ వీక్స్ ఆన్ దట్ రిపోర్ట్." అక్కడ ఆగిపోండి. ఆగడం చాలా ముఖ్యం. ఇందులో "యూ" అనే మాట ఒక్కసారి కూడా లేదు చూశారా? "యూ స్టోల్ మై వర్క్" అంటే అతను తనను కాపాడుకోవడంలో పడతాడు. ఏం జరిగింది, నాకేమనిపించింది, ఎందుకు అనిపించింది, ఈ మూడూ చెప్పి నోరు మూసుకుంటే ఇక మాట్లాడాల్సింది అతనే. ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, మనకు వెంటనే "ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే" అనాలనిపిస్తుంది, అనకండి.

"ఎ బిట్" ఎందుకు, నాకు కొంచెం కాదు చాలా కోపంగా ఉంది అంటారేమో. ఇంగ్లీష్‌లో, ముఖ్యంగా బ్రిటిష్ వాళ్ల మాటల్లో, "ఎ బిట్" అన్నంత మాత్రాన కొంచెం అని కాదు. మర్యాద తప్పకుండా చెబుతున్నాను కానీ విషయం గట్టిదే అని వాళ్లకు అర్థమవుతుంది. "ఐయామ్ ఎ బిట్ కన్సర్న్‌డ్" అని పైవాళ్ల దగ్గరి నుంచి మెయిల్ వస్తే కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకున్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడటం నేను చూశాను.

"ఐ వజ్ హర్ట్" అనేది స్నేహితులకు, ఇంట్లోవాళ్లకు దాచుకోండి. అది చాలా దగ్గరి మాట, ఈ మనిషికి అంత చోటు ఇవ్వక్కర్లేదని నా అభిప్రాయం.

వినికిడి:

పైన చెప్పినవన్నీ మంచివే, కానీ ఒక్కచోట ఒప్పుకోలేకపోతున్నాను. వాక్యాలు నేర్చుకుని అప్పజెబితే భావం వచ్చేయదు. "ఐయామ్ సో సారీ టు హియర్ దట్" అని మనం వార్తలు చదివినట్టు చదివితే అది "ఓకే, టేక్ కేర్" కంటే మేలేమీ కాదు. అసలు సంగతి గొంతులో ఉంది.

తెలుగులో నొక్కి చెప్పాలంటే మాటకు తోక తగిలిస్తాం. "నేను చెప్పాను" వేరు, "నేనే చెప్పాను" వేరు, "చెప్పాను కదా" వేరు, "చెప్పనే చెప్పాను" వేరు. ఇంగ్లీష్‌లో ఆ తోకలు లేవు, ఆ పనంతా గొంతే చేస్తుంది. "ఐ టోల్డ్ హిమ్" అనే మూడు మాటల్లో "ఐ" మీద బరువు వేస్తే "నేనే చెప్పాను", "హిమ్" మీద వేస్తే "అతనికే చెప్పాను", మధ్యలో "డిడ్" చేర్చి దాని మీద బరువు వేసి "ఐ డిడ్ టెల్ హిమ్" అంటే "చెప్పాను కదా". మనం అన్ని మాటలనూ ఒకే ఎత్తులో పలుకుతాం, అందుకే లోపల ఎంత ఉన్నా బయటికి చప్పగా వినిపిస్తుంది. "ఐయామ్ సో సారీ"లో "సో"ని కాస్త సాగదీసి, గొంతు దించి అనండి. అదే మాట గబగబా అంటే తలుపు వేసేసినట్టు ఉంటుంది.

నేను చేసింది చెబుతాను. రోజూ రాత్రి ఫోన్‌లో ఒక నిమిషం నా గొంతు రికార్డ్ చేసుకున్నాను, ఆ రోజు నన్ను కదిలించిన ఒక్క విషయం ఇంగ్లీష్‌లో చెప్పడం, అంతే. మొదటి వారం విన్నప్పుడు కోపం గురించి చెప్పినా, సంతోషం గురించి చెప్పినా నా గొంతు ఒకేలా ఉంది, ఏది ఏదో నాకే తెలియలేదు. అప్పుడు అదే సంగతి ముందు తెలుగులో చెప్పి, వెంటనే ఇంగ్లీష్‌లో చెప్పడం మొదలుపెట్టాను. తెలుగులో గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ ఆగిందో అది ఇంకా చెవిలో ఉండగానే ఇంగ్లీష్‌లోకి వెళితే అందులో కొంత వెంట వస్తుంది. రెండు నెలలు పట్టింది, పట్టనివ్వండి.

నేర్చుకున్న భాషలో భావం పలచగా ఉండటం మీ ఒక్కరి లోపం కాదని కూడా చెప్పాలి. 2003లో కేథరిన్ హారిస్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి, టర్కిష్ మాతృభాషగా పెరిగి తర్వాత ఇంగ్లీష్ నేర్చుకున్నవాళ్లకు రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, చూపించి, చర్మం స్పందనను పరికరంతో కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు మందలించే మాటలు సొంత భాషలో వినిపించినప్పుడు శరీరం గట్టిగా స్పందించింది, అవే మాటలు ఇంగ్లీష్‌లో వింటే అంతగా లేదు. సొంత భాష అమ్మ కోప్పడుతుంటే, దగ్గరికి తీసుకుంటుంటే వచ్చింది, ఇంగ్లీష్ చాలామందికి బల్ల ముందు కూర్చుంటే వచ్చింది. ఆ భాషలో నవ్వి, ఏడ్చి, పోట్లాడిన రోజులు తక్కువ కాబట్టి మాట ఒంటికి అంటుకోలేదు. అందుకే ఆవిడతో మీరు మాట్లాడబోయే మాటలు ఎన్ని పట్టికలు చదివినా రాని లోటును కొంత పూడుస్తాయి. ఫోన్ చేయండి, మెసేజ్‌తో ఆపకండి.

బ్లాక్‌బోర్డ్:

వినికిడి గారూ, గొంతు విషయంలో మీతో నూరుపాళ్లు ఏకీభవిస్తాను, కానీ వాక్యం లేకపోతే గొంతు దేని మీద పెట్టాలండీ? నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మాట దొరక్క మౌనంగా ఉండిపోయేవాళ్లే. వాళ్లకు ముందు ఒక వాక్యం చేతికివ్వాలి, అప్పజెప్పినట్టే అననివ్వండి. పదిసార్లు అన్నాక అది వాళ్లదవుతుంది.

హమ్మయ్య:

కొత్తగా చేరాను, పెద్దగా చెప్పేదేం లేదు, చిన్న మాటల గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నాను. నాకు పెద్ద వాక్యాలు ఇప్పటికీ తడబడతాయి, కానీ ఈ చిన్నవి నన్ను చాలాసార్లు గట్టెక్కించాయి. మన "అయ్యో"కి "ఓ నో". "పాపం"కి "పూర్ థింగ్", కానీ ఇది మనిషి ఎదురుగా అనకూడదు, వేరేవాళ్ల గురించి చెబుతున్నప్పుడే, ఎదురుగా అంటే చిన్నపిల్లతో మాట్లాడినట్టు ఉంటుంది. "హమ్మయ్య"కి "వాట్ ఎ రిలీఫ్". "అబ్బ, ఎంత బాగుందో"కి "వావ్, దట్స్ లవ్లీ". ఎవరైనా కష్టపడి ఏదో సాధించానంటే "గుడ్ ఫర్ యూ", ఇది మాత్రం గొంతులో ఉత్సాహం లేకుండా అంటే ఎత్తిపొడుపులా వినిపిస్తుంది, వినికిడి గారు చెప్పింది ఇక్కడ నిజం. ఎవరికైనా మంచి జరిగితే నవ్వుతూ "ఐయామ్ సో జెలస్" అనడం కూడా విన్నాను. మొదట కంగారుపడ్డాను, వీళ్లు నిజంగా అసూయ పడుతున్నారేమో అని. కాదు, అది మెచ్చుకోలు, మన "మీకేంటండీ, అదృష్టవంతులు" లాంటిది.

ఈ చిన్న మాట అనగానే పెద్ద మాట వెతుక్కోవడానికి రెండు సెకన్లు దొరుకుతాయి. నాకు ఆ రెండు సెకన్లే కావాల్సి వచ్చేది.

సగంమాట:

అందరికీ, జరిగింది చెప్పడానికి మళ్లీ వచ్చాను.

మెసేజ్ పంపాను, రాత్రిషిఫ్ట్ గారు చెప్పినట్టే, సంజాయిషీ లేకుండా. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, వాళ్లమ్మగారికి ఆపరేషన్ అయిందట, ఇంటికి వచ్చేశారట. అక్కడితో ఆపేద్దామనుకున్నాను, తర్వాత వినికిడి గారి మాట గుర్తొచ్చి కాల్ చేశాను. ఆవిడ ఎత్తగానే నా నోటి నుంచి మొదట వచ్చింది "ఓ, వాట్ ఎ రిలీఫ్" అని, ఆ మాట ఇచ్చిన హమ్మయ్య గారికి ప్రత్యేకంగా థాంక్స్. ఆ తర్వాత "దట్ మస్ట్ హావ్ బీన్ సో హార్డ్ ఫర్ యూ" అన్నాను. గ్రామర్ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోలేదు. ఆవిడ "ఇట్ వజ్" అని, ఇంకేదో చెప్పబోయి ఆగిపోయారు. నేను కూడా ఆగాను, స్క్రీన్ షేర్ చేయలేదు. కాసేపటికి ఆవిడే ఆసుపత్రిలో గడిపిన రాత్రుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లమ్మ మత్తు దిగాక మొదట అడిగింది కిటికీలో మొక్కలకు నీళ్లు పోశావా అనట. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం, అందులో నేను అన్నవి ఆరేడు వాక్యాలు ఉంటాయేమో.

రిపోర్ట్ గురించి అతనితో ఇంకా మాట్లాడలేదు. తూకంరాళ్లు గారు రాసిన రెండు వాక్యాలు కాగితం మీద రాసుకున్నాను. రాత్రి రికార్డ్ చేసుకుని విన్నాను, "ఎ బిట్ అప్‌సెట్" దగ్గర గొంతు వణుకుతోంది. సోమవారం మాట్లాడతాను.